పాలకూర పళ్లెంలో వేరు, గ్లాసులో వేరు

పాలకూర, టమాటా కలిపి వండితే కిడ్నీలో రాళ్లు పడతాయన్న మాట వినని తెలుగు ఇల్లు అరుదు. ఆ భయంతో రెండింటినీ ఒకే గిన్నెలో పడనివ్వని వంటిళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మరోపక్క, పొద్దున్నే నడక ముగించుకొని వచ్చి పరగడుపున పెద్ద గ్లాసుడు పచ్చి పాలకూర రసం తాగేవాళ్లూ పెరిగారు. రక్తం పడుతుందని కొందరు, షుగరు అదుపులో ఉంటుందని కొందరు, ఒంట్లో మలినాలు పోతాయని మరికొందరు తాగుతున్నారు. ఈ రెంటిలో కిడ్నీని నిజంగా ఇబ్బంది పెట్టగలిగేది రెండో అలవాటు. రాళ్లకు మూలమయ్యే ఆక్సలేట్ టమాటాలో చాలా తక్కువ, పాలకూరలో చాలా ఎక్కువ. పప్పులో నాలుగు టమాటా ముక్కలు పడినందువల్ల కొత్తగా వచ్చే ముప్పేమీ లేదు. పచ్చి ఆకును రసం తీసి రోజూ తాగితే మాత్రం ఉంది.

ఆకుకూరలు మంచివన్న దాంట్లో సందేహమే అక్కర్లేదు. ఫోలేట్, బీటా కెరోటిన్, విటమిన్ కె, పీచు ఇంత చవకగా ఇచ్చే తిండి మరొకటి దొరకడం కష్టం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీల భోజనంలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలి. మనలో చాలామంది అందులో సగం కూడా తినరు. కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరైనా పాలకూర మానేస్తే అది నష్టమే. ఒక తిండి మంచిదా చెడ్డదా అన్నది దాని పేరును బట్టి తేలదు. ఎంత తిన్నారు, ఎలా వండుకున్నారు, తింటున్న మనిషి ఆరోగ్యం ఎలా ఉంది అన్నవి కూడా చూడాలి. పాలకూర ఇందుకు మంచి ఉదాహరణ.

కంద దురదకు మూలం ఇదే

ఆక్సాలిక్ ఆమ్లం మొక్కలు తమ అవసరం కోసం తయారు చేసుకునే పదార్థం. ఒంట్లో ఎక్కువైన కాల్షియాన్ని కట్టిపడేయడానికీ, పురుగుల నుంచి కాచుకోవడానికీ అది వాటికి పనికొస్తుంది. కాల్షియంతో కలిస్తే అది నీటిలో కరగని స్ఫటికంగా మారుతుంది. కంద తరిగినప్పుడు చేతులు దురద పెట్టడానికి సూదుల్లాంటి ఈ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే ముఖ్య కారణం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని సామెత చెప్పుకునే మనకు ఈ పదార్థం చేతికి తెలిసిందే, పేరే కొత్త. చుక్కకూర పులుపులోనూ ఆక్సాలిక్ ఆమ్లం పాలు పెద్దదే.

పాలకూర, తోటకూర, విదేశాల్లో స్పినాచ్ అని అమ్మే ఆకు ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. ఆక్సలేట్ ఎక్కువగా ఉండటం ఆ కుటుంబ లక్షణం. అన్నిటికన్నా ఎక్కువ పరిశోధన జరిగిన స్పినాచ్‌లో 100 గ్రాముల పచ్చి ఆకుకు రకాన్ని బట్టి సుమారు 600 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా ఆక్సలేట్ ఉంటుంది. మామూలు భోజనం నుంచి రోజు మొత్తంలో మనకు అందేది సాధారణంగా 100 నుంచి 200 మిల్లీగ్రాములే. దాన్ని బట్టి ఈ ఆకు బలం ఊహించుకోవచ్చు. బచ్చలికూర కూడా ఈ కోవలోనిదే. మెంతికూర, క్యాబేజీల్లో ఇది చాలా తక్కువ.

పాలకూర తింటే ఎముకలకు కాల్షియం బాగా అందుతుందన్న నమ్మకాన్ని కూడా ఈ ఆక్సలేటే దెబ్బతీస్తుంది. ఆకులో కాల్షియం ఉన్న మాట నిజం. కానీ ఆక్సలేట్ దాన్ని పట్టుకొని వదలదు. అమెరికా శాస్త్రవేత్తలు రాబర్ట్ హీనీ, కోనీ వీవర్ బృందం 1988లో ప్రచురించిన అధ్యయనంలో, పాలలోని కాల్షియంలో 27 శాతానికి పైగా ఒంటికి పడితే, స్పినాచ్‌లోని కాల్షియంలో దాదాపు 5 శాతమే పట్టింది.

ఒంట్లో ఉన్న కాపలా

ఇంత ఆక్సలేట్ ఉన్న కూరను తరతరాలుగా తింటున్నా అందరికీ కిడ్నీలు చెడిపోలేదు. కారణం, ఈ పదార్థం రక్తంలోకి చేరకుండా ఆపే ఏర్పాట్లు మన పేగుల్లోనే ఉన్నాయి.

మొదటిది కాల్షియం. భోజనంలో పెరుగో మజ్జిగో పాలో ఉంటే, వాటిలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టేసుకుంటుంది. అలా కలిసిన జంట కరగదు కనుక రక్తంలోకి వెళ్లలేక మలంతో బయటికి పోతుంది. పాలకూర పప్పు తిన్నాక పెరుగన్నం తినే మన అలవాటు ఈ లెక్కన కిడ్నీకి మేలు చేసేదే.

రెండోది సూక్ష్మజీవులు. ఆక్సలోబాక్టర్ ఫార్మిజీన్స్ అనే బ్యాక్టీరియాను శాస్త్రవేత్తలు 1985లో వర్ణించి పేరు పెట్టారు. దానికి ఆహారం ఆక్సలేటే. పేగుల్లో అది ఉన్నవాళ్లలో కొంత ఆక్సలేట్ అక్కడే ఖర్చయిపోతుంది. కొన్ని యాంటీబయాటిక్ మందులు రోగకారక క్రిములతో పాటు దీన్నీ తుడిచిపెట్టవచ్చు. జ్వరమొస్తే చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనుక్కొని మింగే అలవాటు ఉన్నచోట ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ దాటి రక్తంలోకి వచ్చిన ఆక్సలేట్‌ను బయటికి పంపాల్సింది కిడ్నీయే. ఒంట్లో దీన్ని విరగ్గొట్టే యంత్రాంగం లేదు. కాలేయం కూడా తనవంతు కొంత ఆక్సలేట్‌ను రోజూ తయారు చేస్తుంది. ఆరోగ్యవంతుల మూత్రంలో రోజుకు సుమారు 40, 45 మిల్లీగ్రాములకు మించి ఆక్సలేట్ ఉండదు. అది పెరిగి, మూత్రం చిక్కబడితే, అక్కడ ఉన్న కాల్షియంతో కలిసి స్ఫటికాలు మొదలవుతాయి. కిడ్నీ రాళ్లలో ఐదింట నాలుగు కాల్షియం రాళ్లే, వాటిలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్. రెంటచింతల, రామగుండం లాంటి ఊళ్లలో ఎండాకాలం పొలాల్లో, గనుల్లో పనిచేసేవాళ్ల ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. అలాంటప్పుడు మూత్రం తగ్గి చిక్కబడి, రాయి పుట్టడానికి అనువుగా తయారవుతుంది.

గ్లాసులోకి వచ్చేసరికి

ఇప్పుడు పప్పునూ రసాన్నీ పక్కపక్కన పెట్టి లెక్క వేద్దాం. నలుగురున్న ఇంట్లో పావు కిలో ఆకుతో పప్పు చేస్తే మనిషికి అరవై గ్రాములు వస్తుంది. అదీ వారానికి ఒకటి రెండు సార్లు. అన్నం, పప్పు, నెయ్యి, పెరుగు మధ్య కలిసిపోయి కడుపులో నెమ్మదిగా కదులుతుంది. అదే పావు కిలో ఆకును మిక్సీలో వేసి వడగడితే ఒక్కరే రెండు నిమిషాల్లో తాగేస్తారు. అందులో ఉండే ఆక్సలేట్ 1500 మిల్లీగ్రాములు దాటగలదు. పాలకూరలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం నీటిలో కరిగే రూపం కాబట్టి రసంలోకి సులువుగా దిగుతుంది. పరగడుపున పేగుల్లో దాన్ని పట్టుకోవడానికి పెరుగు లేదు, పాలు లేవు. పదో వంతు రక్తంలోకి చేరినా 150 మిల్లీగ్రాములు. కిడ్నీ రోజంతా పంపాల్సిన దానికి మూడింతలకు పైమాట.

వండిన కూర అతిగా తినాలన్నా కొంతవరకే తినగలం, కడుపు నిండిపోతుంది. నమలాల్సిన పనిని మిక్సీకి అప్పజెప్పి, పీచును వడబోసి పారేస్తే, చాలు అని చెప్పే ఆ సంకేతం కూడా పోతుంది. పైగా రసం తాగేవాళ్లు దాన్ని మందులాగా భావిస్తారు. మందు కాబట్టి మానకూడదని రోజూ తాగుతారు.

2018లో ఒక అమెరికా కిడ్నీ వైద్య పత్రికలో ప్రచురితమైన కేసు చూడండి. రోగి 65 ఏళ్ల మహిళ. అంతకుముందు కిడ్నీలు బాగానే ఉన్నాయి. ఒళ్లు శుభ్రపడుతుందని ఆకుకూరలు, పండ్లతో చేసిన పచ్చరసాలను ఆహారంగా తీసుకున్నారు. కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతిన్నాయి, మళ్లీ కోలుకోలేదు. ఆమెకు చాలాకాలం కిందట బరువు తగ్గించే గ్యాస్ట్రిక్ బైపాస్ శస్త్రచికిత్స జరిగింది. దాని తర్వాత కొవ్వు సరిగా జీర్ణం కాకపోవచ్చు. అప్పుడు పేగుల్లోని కాల్షియాన్ని ఆ కొవ్వు లాగేసుకుంటుంది, ఆక్సలేట్‌ను పట్టుకోవడానికి కాల్షియం మిగలదు. దానికి తోడు ఆమె అప్పటికి కొంతకాలంగా యాంటీబయాటిక్‌లు వాడుతున్నారు. అంటే కాల్షియం కాపలా, బ్యాక్టీరియా కాపలా రెండూ బలహీనపడిన ఒంట్లోకి రసం వచ్చిపడింది.

మనకు దగ్గర్లోనే, కేరళలో, ఇరుంబన్ పుళి అనే పుల్లటి కాయ ఉంది. ఇంగ్లీషులో బిలింబి అంటారు. చేపల కూరలో, పచ్చళ్లలో అక్కడ ఎప్పటినుంచో వాడతారు. దాని చిక్కటి రసం తాగితే కొలెస్ట్రాల్ తగ్గుతుందన్న ప్రచారం నమ్మి తాగినవాళ్లలో పదిమంది ఐదు ఆసుపత్రుల్లో చేరిన వైనాన్ని 2013లో అక్కడి వైద్యులు భారతీయ కిడ్నీ వైద్య పత్రికలో రాశారు. ఏడుగురికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. కిడ్నీ నుంచి సన్నటి ముక్క తీసి పరీక్షిస్తే, మూత్రం తయారయ్యే సన్నటి గొట్టాల్లో ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకొని ఉన్నాయి. ధ్రువణ కాంతిలో చూస్తే ఈ స్ఫటికాలు చీకట్లో తళుక్కున మెరుస్తాయి. వైద్యులు జబ్బును గుర్తుపట్టేది ఆ మెరుపుతోనే. వాళ్లందరూ చివరికి కోలుకున్నారు. కూరలో రెండు కాయలుగా ఉన్నంతకాలం ఎవరినీ ఏమీ చేయని పండు, గ్లాసులోకి రాగానే డయాలసిస్ దాకా తీసుకెళ్లింది.

ఆకుకూరే కానక్కర్లేదు. అమెరికాలోని ఆర్కాన్సాలో 56 ఏళ్ల మనిషికి కిడ్నీలు ఎందుకు చెడిపోయాయో మొదట అంతుపట్టలేదు. అడగ్గా అడగ్గా, రోజుకు పదహారు గ్లాసుల ఐస్ టీ తాగుతారని తేలింది. 2015లో వైద్యులు దాన్ని ప్రచురించారు. టీ ఆకులోనూ ఆక్సలేట్ ఉంటుంది. మనం తాగే టీలో పాలు ఉంటాయి, కప్పు చిన్నది, కాబట్టి రెండు మూడు కప్పులకు భయపడనక్కర్లేదు. విటమిన్ సి మాత్రలది ఇంకో దారి. ఒంట్లో ఎక్కువైన విటమిన్ సి కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. స్వీడన్‌లో 23 వేలమందికి పైగా పురుషులను గమనించిన అధ్యయనంలో, ఆ మాత్రలు వేసుకునేవాళ్లలో కిడ్నీ రాళ్లు దాదాపు రెట్టింపుగా కనిపించాయి. 2013లో వచ్చిన ఆ ఫలితం మాత్రల గురించే. నిమ్మ, జామ మానేయమని దాని అర్థం కాదు.

పెరుగు మానొద్దు

రాయి ఉందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని పాలు, పెరుగు తగ్గించడం. రాయిలో కాల్షియం ఉంది కాబట్టి కాల్షియం మానాలన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. డాక్టర్లు కూడా ఒకప్పుడు అదే చెప్పేవారు. 1993లో హార్వర్డ్‌కు చెందిన గ్యారీ కర్హన్ బృందం 45 వేలమందికి పైగా పురుషులను నాలుగేళ్లు గమనించి ఆ సలహాను తలకిందులు చేసింది. తిండి ద్వారా కాల్షియం ఎక్కువ తీసుకున్నవాళ్లలో రాళ్ల ముప్పు దాదాపు మూడో వంతు తక్కువగా ఉంది.

2002లో ఇటలీ వైద్యుల అధ్యయనం దాన్ని బలపరిచింది. పదేపదే రాళ్లు వస్తున్న 120 మంది పురుషులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు కాల్షియం తగ్గించారు. రెండో జట్టుకు కాల్షియం మామూలుగానే ఉంచి ఉప్పు, మాంసం తగ్గించారు. ఐదేళ్లకు మొదటి జట్టులో 23 మందికి మళ్లీ రాళ్లు వస్తే, రెండో జట్టులో 12 మందికే వచ్చాయి. పేగుల్లో ఆక్సలేట్‌ను పట్టుకునే కాల్షియం తగ్గిపోవడం కూడా మొదటి జట్టుకు చేటు చేసిందని అర్థమవుతోంది. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి పోయే కాల్షియం పెరుగుతుంది. కాబట్టి రాళ్లున్నవాళ్లు తగ్గించుకోవాల్సింది పెరుగన్నంలో పెరుగును కాదు, అందులో నంజుకునే ఆవకాయను. నిమ్మరసం మంచిదే. అందులోని సిట్రేట్ స్ఫటికాలు పెరగకుండా అడ్డుపడుతుంది. ఉప్పు వేసుకోకుండా తాగితే చాలు.

కొబ్బరి బొండం అందరికీ చలవ కాదు

కిడ్నీ సగం పనిచేసే మనిషి విషయంలో లెక్క ఇంకా మారిపోతుంది. అక్కడ భయం రాళ్ల కంటే పొటాషియంది. గుండె లయబద్ధంగా కొట్టుకోవడానికి పొటాషియం అవసరం. ఎక్కువైనది కిడ్నీ బయటికి పంపేస్తుంది. కిడ్నీ ఆ పని చేయలేకపోతే రక్తంలో అది పెరిగి గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి తెలియని తెలుగువారు లేరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి కుటుంబాలను కూల్చేస్తోంది. మూలకారణం మీద శాస్త్రవేత్తల పరిశోధన ఇంకా సాగుతోంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆ ఉద్దానమే ఆంధ్రలో కోనసీమ తర్వాత చెప్పుకోదగ్గ కొబ్బరి సీమ. ఇంటి పెరట్లో బొండాలు వేలాడుతుంటాయి. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక మంచి బొండంలో 600 మిల్లీగ్రాములు దాటడం సులువు. రోజుకు 2000 మిల్లీగ్రాములకు మించొద్దని డాక్టరు చెప్పిన రోగికి అది ఒక్కటే మూడో వంతు. జ్వరమొచ్చినా నీరసించినా మనం ముందు చేతికిచ్చేది బొండమే కాబట్టి, కిడ్నీ రోగి ఇంటికి వెళ్లే బంధువులకు కూడా ఈ సంగతి తెలియాలి. ప్రేమతో తీసుకెళ్లే కొబ్బరినీళ్లు, అరటిపండ్లు, కమలా రసం ఆ మనిషికి ప్రమాదం కావచ్చు.

నక్షత్రం ఆకారంలో ముక్కలయ్యే స్టార్ ఫ్రూట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆక్సలేట్‌తో పాటు అందులో నాడులను దెబ్బతీసే పదార్థం ఉంది. దాన్ని బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2013లో వేరుచేసి క్యారంబాక్సిన్ అని పేరు పెట్టారు. బాగున్న కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. చెడిన కిడ్నీ పంపలేదు. డయాలసిస్ రోగి ఈ పండు తిన్నాక ఆగకుండా వెక్కిళ్లు మొదలైతే తాత్సారం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూర్ఛలు, ప్రాణాపాయం దాకా వెళ్లిన సందర్భాలున్నాయి.

గుండె కవాటం మార్పిడి జరిగి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఎసినోకుమరాల్ లాంటి మందులు వాడేవాళ్లకు ఆకుకూరల్లోని విటమిన్ కె తో పేచీ ఉంది. అది ఆ మందు పనికి ఎదురు పనిచేస్తుంది. వాళ్లు ఆకుకూర మానక్కర్లేదు. ఒక వారం అసలు తినకుండా, మరో వారం రోజూ గ్లాసుడు రసం తాగితేనే మందు మోతాదు గాడి తప్పుతుంది. ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి.

వంటింట్లో చేయగలిగింది

రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పాలకూర, తోటకూర లాంటివి వండేముందు ఆకును ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. ఇలా చేస్తే కరిగే ఆక్సలేట్‌లో రకాన్ని బట్టి మూడో వంతు నుంచి నాలుగింట మూడొంతులకు పైగా పోతుందని ప్రయోగాల్లో తేలింది. పొటాషియం కూడా కొంత పోతుంది. ఆవిరి మీద ఉడికిస్తే అంతగా పోదు. కుక్కర్లో పప్పుతో పాటు ఆకు వేసి ఉడికిస్తే నీళ్లు పప్పులోనే ఉంటాయి, ఆక్సలేట్ కూడా అందులోనే ఉంటుంది. ఆరోగ్యవంతులకు అది ఫర్వాలేదు. రాళ్ల మనిషికి మాత్రం ఆకును విడిగా ఉడికించి, వార్చి, తర్వాత పప్పులో కలపాలి. పక్కన పెరుగు ఉండాలి. వారమంతా ఒకే ఆకు మీద పడకుండా మెంతికూర, క్యాబేజీ, సొరకాయ, బీరకాయ మార్చి మార్చి వండుకోవాలి. మూత్రం రోజుకు రెండు, రెండున్నర లీటర్లు వచ్చేలా నీళ్లు తాగాలి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు మాత్రం నీళ్ల లెక్క కూడా డాక్టరే చెప్పాలి.

సొరకాయ రసం తాగే అలవాటున్నవాళ్లకు మరో హెచ్చరిక. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదుగా ఉన్న సొరకాయ రసం తాగి మరణించారు. చేదెక్కిన సొరకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి. భారతీయ వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణులు చేదుగా ఉన్న రసాన్ని వెంటనే పారబోయమని చెప్పారు. కూర చేదుగా ఉంటే పిల్లలు కూడా ఉమ్మేస్తారు. ఆరోగ్యం కోసమని కళ్లు మూసుకొని గటగటా తాగే రసంలో ఆ చేదును ఓర్చుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ రసాలకు అలవాటు పడుతున్నవాళ్లలో షుగరు, బీపీ ఉన్నవాళ్లు చాలామంది. కిడ్నీలను ఎక్కువగా దెబ్బతీసే జబ్బులు కూడా ఆ రెండే. కిడ్నీ చాలావరకు దెబ్బతినే దాకా బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. అంటే, తన కిడ్నీ బలహీనంగా ఉందని తెలియని మనిషే దానిమీద అదనపు బరువు మోపుతున్నాడు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలకు పెద్ద ఖర్చు కాదు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా చేయించుకోవాలి. రసం తాగుతుండగా మూత్రం తగ్గినా, ఎర్రబడినా, ముఖమో కాళ్లో ఉబ్బినా, వాంతులతో పాటు నడుం పక్కన నొప్పి వచ్చినా ఆగకుండా డాక్టరును కలవాలి.

ఆర్కాన్సా మనిషి జబ్బుకు మూలం దొరికింది పరీక్షల్లో మాత్రమే కాదు, రోజూ ఏం తాగుతారన్న ప్రశ్నకు వచ్చిన జవాబులో. మన దగ్గర ఆ ప్రశ్న అడిగే తీరిక డాక్టరుకు ఉండదు, అది చెప్పాల్సిన విషయమని రోగికి తోచదు. తిండే కదా, మందు కాదు కదా అనుకుంటారు. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు వాడుతున్న మాత్రల చీటీతో పాటు పరగడుపున ఏ రసం తాగుతున్నారో, ఎంత తాగుతున్నారో, ఎన్నాళ్లుగా తాగుతున్నారో కూడా చెప్పండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి.